మహానటి సావిత్రి: మనం చదవని అధ్యాయం

సావిత్రి పేరు ఎత్తగానే మన ప్రాంతంలో మూడు తరాలవారు మూడు విధాలుగా స్పందిస్తారు. మార్కాపురంలోనో గిద్దలూరులోనో టూరింగు టాకీసులో నేలమీద కూర్చుని ‘మాయాబజార్’ చూసిన తాతలు శశిరేఖను తలచుకొని మురిసిపోతారు. వారి పిల్లల తరం ఒక నిట్టూర్పు విడిచి, పాపం అని ఊరుకుంటుంది. 2018లో వచ్చిన ‘మహానటి’ చిత్రం ద్వారా ఆమెను ఎరిగిన మా విద్యార్థులు మాత్రం తరగతి గదిలో ఒక ప్రశ్న వేస్తారు. అంతటి తెలివి, అంతటి పట్టుదల గల మనిషి తాగుడు ఎందుకు మానలేకపోయిందని వారి సందేహం. ఆ ప్రశ్నకు మేము తొలుత చెప్పిన సమాధానాలన్నీ సాహిత్యం చదువుకున్నవారు చెప్పే సమాధానాలే. ప్రేమ వికటించిందనీ, నమ్మినవారు మోసం చేశారనీ, విధి అనీ చెప్పాము. అవి చాలవని మాకు తెలిసిరావడానికి కొంత కాలం పట్టింది. ఈ వ్యాసం ఆ లోటును తీర్చుకోవడానికి చేసిన ప్రయత్నం.

గుంటూరు జిల్లా చిర్రావూరు సావిత్రి జన్మస్థలం. పుట్టిన సంవత్సరం 1935 అని ఎక్కువమంది రాస్తారు. తండ్రి నిశ్శంకర గురవయ్య ఆమె పసిగుడ్డుగా ఉండగానే కన్నుమూశారు. తల్లి సుభద్రమ్మ ఇద్దరు కుమార్తెలను వెంటబెట్టుకొని విజయవాడలోని అక్కగారింట చేరారు. పెదనాన్న వెంకటరామయ్య చౌదరి ఆ పిల్లలో ఉన్న కళను కనిపెట్టి నృత్యం నేర్పించారు, నాటకాలు వేయించారు. కాకినాడలో జరిగిన నాటక పోటీలలో పృథ్వీరాజ్ కపూర్ చేతులమీదుగా బహుమతి అందుకున్నప్పటికి ఆమెకు పదమూడేళ్ళు దాటలేదంటారు. మద్రాసు చేరాక ‘సంసారం’లో వచ్చిన అవకాశం చేజారింది. ‘పాతాళభైరవి’ (1951)లో ఒక నృత్యంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆపైన ‘పెళ్ళిచేసి చూడు’ (1952), ‘దేవదాసు’ (1953), ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957), ‘గుండమ్మ కథ’ (1962), ‘మూగమనసులు’ (1964) వరుసగా వచ్చాయి. తమిళులు ఆమెను నడిగైయర్ తిలకం అని గౌరవించారు. ఈ భాగం పాఠకులకు కొత్త కాదు గనుక ఇంతటితో విడిచిపెడుతున్నాము.

అయితే ఆమె చిత్రాలలో రెండింటి దగ్గర ఆగక తప్పదు.

మొదటిది ‘దేవదాసు’. శరత్‌బాబు 1917లో ప్రచురించిన ఆ నవల తెలుగుదేశంలో కలిగించిన సమ్మోహనం సామాన్యమైనది కాదు. తాగి తాగి చనిపోయేవాడిని మనం కథానాయకుడిని చేసి, అతడి దగ్గును కూడా సంగీతంగా విన్నాము. అతడి ప్రియురాలు పార్వతిగా సావిత్రి నటించారు. తాగుబోతు పక్కన కన్నీరు పెట్టుకోవడం తప్ప పార్వతికి ఆ కథ మరేమీ మిగల్చలేదు. దేవదాసుది ఒక వ్యాధి అనీ, దానికి చికిత్స ఉండవచ్చుననీ ఆ కథలో ఎవరికీ పట్టదు. పట్టి ఉంటే కథ నడవదు కదా! కాని ఆ కథలోని నీతినే మనం జీవితానికి కూడా అన్వయించుకున్నాము. పురుషుడు తాగితే దేవదాసు అన్నాము. స్త్రీ తాగితే ఏమన్నామో ఇక్కడ రాయనవసరం లేదు.

రెండవది ‘చివరకు మిగిలేది’ (1960). బెంగాలీలో సుచిత్రాసేన్ నటించిన ‘దీప్ జ్వేలే జాయ్’ (1959) దీనికి మూలం. గుత్తా రామినీడు దర్శకత్వం వహించారు. మన ఉర్దూ విభాగం మిత్రులకు ‘ఖామోషీ’ (1969) గుర్తుండవచ్చు. అందులో వహీదా రెహమాన్ ధరించినదీ ఈ పాత్రే. మానసిక వైద్యశాలలో పనిచేసే ఒక నర్సు కథ ఇది. ప్రేమలో దెబ్బతిని మతి చెదిరిన యువకుడిని మామూలు మనిషిని చేయడానికి, ప్రేమను నటించడమే చికిత్స అని పెద్ద డాక్టరు ఆమెను నియోగిస్తాడు. రోగి కోలుకొని వెళ్ళిపోతాడు. నర్సు అదే ఆసుపత్రిలో రోగిగా మిగులుతుంది. అట్టి చికిత్సను నేటి వైద్యశాస్త్రం అంగీకరించదు. రోగికీ పరిచారికకూ మధ్య ఉండవలసిన హద్దును చెరిపివేయడం తప్పని ఈనాడు నర్సింగు తొలి పాఠాలలోనే చెబుతారు. అయినా సావిత్రి ఆ పాత్రలో చూపిన ఒక గుణం నేటికీ పాఠమే. రోగి కసిరినా, విసిరికొట్టినా, ఆ నర్సు దానిని తనమీద కోపంగా తీసుకోదు. వ్యాధి లక్షణంగా గమనిస్తుంది. ఆ చూపు నేర్చుకోవడానికి నర్సులకు ఏళ్ళు పడుతుంది.

ఇరవై ఏళ్ళు తిరగకముందే సావిత్రికి అట్టి చూపుతో తనను చూసేవారు అవసరమైనారు.

1952లో జెమినీ గణేశన్‌తో వివాహం. ఆయనకు అప్పటికే సంసారం ఉన్నది. కొంతకాలం ఈ వివాహాన్ని దాచి ఉంచారు. ఇద్దరు బిడ్డలు కలిగారు. 1965 యుద్ధ సమయంలో ప్రధాని లాల్‌బహదూర్ శాస్త్రిగారికి ఆమె తన ఒంటిమీది నగలు ఒలిచి ఇచ్చారు. 1968లో ‘చిన్నారి పాపలు’తో దర్శకురాలయ్యారు. ఆ చిత్రానికి కథ, సంగీతం, నృత్యం, కళ వంటి ముఖ్యశాఖలన్నీ స్త్రీలే నిర్వహించారన్నది మన చలనచిత్ర చరిత్రలో ఎన్నదగిన విషయం. సొమ్ము మాత్రం రాలేదు. ‘మూగమనసులు’ను తమిళంలో ‘ప్రాప్తం’ (1971)గా తీసి మరింత నష్టపోయారు. భర్తతో ఎడబాటు, ఆదాయపు పన్ను బకాయిలు, చేజారిన ఇళ్ళు, వీటన్నిటినీ చిత్రకథలాగా చెప్పేవారు చాలామంది ఉన్నారు. మొదటి గ్లాసు ఆమెకు ఎవరు అందించారన్న విషయం మీద కూడా ఒక్కొక్కరు ఒక్కొక్క కథ చెబుతారు. మేము ఆ జోలికి పోము. మొదటి గ్లాసు అందుకున్నవారు లోకంలో కోట్లమంది. వారిలో కొందరు మాత్రమే రోగులవుతారు. కనుక అసలు సంగతి ఆ తరువాత శరీరంలో ఏమి జరుగుతుందన్నది.

మద్యం మనిషిని ఉత్సాహపరుస్తుందని లోకం నమ్మకం. వాస్తవానికి అది మెదడును మందగింపజేసే పదార్థం. తొలుత మందగించేవి బిడియం, భయం, వివేకం కాబట్టి అది ఉత్సాహంలాగా కనిపిస్తుంది. ప్రతిదినమూ ఈ అణచివేత సాగితే మెదడు ఊరుకోదు. తన సమతూకం కాపాడుకోవడానికి ఎదురుబలం పుంజుకుంటుంది. అందువల్లనే నిన్న చాలిన మోతాదు నేడు చాలదు. బండ లాగుడు పోటీలో ఒంగోలు ఎద్దు కాడికి ఛాతీ ఆనించి ముందుకు వంగుతుంది. ఆ క్షణాన మోకు తెగితే అది బోర్లా పడుతుంది. బరువు తీసేశాం కదా, హాయిగా నిలబడాలి కదా అని ఎద్దును కోప్పడి ప్రయోజనం లేదు. ఏళ్ళ తరబడి తాగిన మనిషి ఒక్కసారిగా ఆపితే జరిగేది ఇదే. ఆపిన ఆరు నుంచి ఇరవైనాలుగు గంటలలో చేతులు వణకడం, చెమటలు, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. రెండు రోజుల లోపల కొందరికి మూర్ఛలు వస్తాయి. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొద్దిమందికి సన్నిపాతం వంటి స్థితి కలిగి, లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. చికిత్స లేకపోతే ప్రాణం పోవచ్చు. హఠాత్తుగా మానడం వల్ల చచ్చిపోయే వ్యసనాలు కొన్నే ఉన్నాయి, వాటిలో మద్యం ఒకటి.

ఈ సంగతి మేము గ్రంథాలలో కాక మా వీధిలో మొదట నేర్చుకున్నాము. మేము చిన్ననాటి నుండి మామూ అని పిలిచే ఒక పెద్దమనిషి పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. తాగుతారన్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ నోటితో అనరు. మన ఇళ్ళలో ఆ మాటే హరామైనట్లు నడుస్తుంది. ఒక రంజాను నెలపొడుపునాడు ఆయన మనసులో గట్టిగా నిశ్చయించుకొని ఒక్కసారిగా మానివేశారు. మూడవ రోజు సాయంకాలం గోడమీద చీమల బారులు పాకుతున్నాయని కేకలు వేయసాగారు. జిన్ను సోకిందని కొందరు, ఉపవాసం పడలేదని కొందరు అన్నారు. దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించారు. తరువాతనే ఆసుపత్రికి చేర్చారు. అక్కడ ఒక నర్సమ్మ ఆయన చేతులు చాపించి చూసి, ఇంటివారిని పక్కకు పిలిచి, చివరిసారి ఎప్పుడు తాగారని మెల్లగా అడిగింది. అంతవరకు ఎవరూ అడగని ప్రశ్న అది. మేమందరమూ తలలు దించుకున్నాము. ఆయన భార్య మాత్రం రోజూ గంటా చెప్పింది. ఆ ఒక్క సమాధానంతో చికిత్స దారి మారింది. వణుకు తగ్గే మందును తొలుత తగినంత ఇచ్చి, రోజురోజుకూ తగ్గించుకుంటూ వచ్చారు. గ్లూకోజు ఎక్కించే ముందే బి-1 విటమిను సూది వేశారు. తాగేవారిలో ఈ విటమిను అడుగంటి ఉంటుందనీ, అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదమున్నదనీ మాకు తరువాత తెలిసింది. గదిలో దీపం ఆర్పవద్దన్నది, ఒకే మనిషిని దగ్గర ఉండమన్నది. ఆయన బతికారు.

మొగలు చరిత్ర చదివినవారికి ఇందుకు పాత నిదర్శనం ఒకటి జ్ఞాపకం రావాలి. జహంగీరు చక్రవర్తి తన స్వీయచరిత్రలో తన తాగుడును దాచుకోలేదు. పద్దెనిమిదో ఏట వేట అలసట తీరడానికి మొదలైన అలవాటు, తొమ్మిదేళ్ళలో రోజుకు ఇరవై గిన్నెల సారాకు పెరిగింది. చేతుల వణుకు వల్ల గిన్నె పట్టుకోలేక ఇతరులు తాగించవలసి వచ్చింది. ఇట్లాగే మరి ఆరు నెలలు సాగితే చికిత్స ఉండదని హకీం హుమామ్ మొహమాటం లేకుండా చెప్పాడు. అప్పుడు సారాలో ద్రాక్షసారాయం కలిపించుకుంటూ, ఏడేళ్ళపాటు కొద్దికొద్దిగా తగ్గించి ఆరు గిన్నెలకు తెచ్చాడు. అయితే తగ్గిన మద్యం స్థానాన్ని నల్లమందు ఆక్రమించింది. వ్యసనం ఒక ద్వారం మూస్తే మరొక ద్వారం వెతుక్కుంటుందన్నదానికి ఇంతకంటే నిజాయితీగల సాక్ష్యం ఉండదు. 1621 నాటి జబ్బులో హకీముల కంటే నూర్జహాను అనుభవమే తనకు ఎక్కువ మేలు చేసిందనీ, ఆమె క్రమక్రమంగా మద్యం తగ్గించి పథ్యం నడిపిందనీ అతడే రాసుకున్నాడు. సాటి సోదరుడు దానియాలుకు తండ్రి అక్బరు కాపలా పెట్టించాడు. కాపలావారి కన్నుగప్పి తుపాకీ గొట్టంలో పోసి తెచ్చిన సారా తాగి అతడు చనిపోయాడు. ఒకే తండ్రి బిడ్డలలో ఒకరికి క్రమంగా తగ్గించేవారు దొరికారు, మరొకరికి కాపలావారు దొరికారు.

సావిత్రి విషయానికి వద్దాము. స్త్రీ శరీరంలో నీటి పాలు తక్కువ కాబట్టి పురుషుడితో సమానంగా తాగినా రక్తంలో మద్యం పాలు ఎక్కువవుతుంది. కాలేయం, గుండె, నరాలు త్వరగా చెడతాయి. ఆమెకు మధుమేహం, రక్తపు పోటు తోడైనాయి. ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు రక్తానికి చక్కెర అందించేది కాలేయం. మద్యం ఆ పనిని అడ్డుకుంటుంది. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకునేవారు తిండి మాని తాగితే చక్కెర అమాంతం పడిపోయి మనిషి స్పృహ తప్పవచ్చు. చూసేవారికి అది మత్తులాగానే కనిపిస్తుంది. తాగి పడిపోయిన మనిషిని పడుకోనివ్వండి అనే మన అలవాటు ఇట్టిచోట ప్రాణాంతకం.

1970ల చివరి భాగంలో ఆమె చిక్కి శల్యమై, తల్లి వేషాలు వేస్తూ గడిపారు. ‘గోరింటాకు’ (1979)లో ఆమెను చూసినవారు మొదట పోల్చుకోలేకపోయారని మా పెద్దలు చెప్పేవారు. అప్పుడు లోకం చేసినవి మూడే పనులు. కొందరు బతిమాలారు, కొందరు ఒట్టు వేయించుకున్నారు, మిగిలినవారు ముఖం తిప్పుకున్నారు. మన ఇళ్ళలో కూడా తాగేవారి విషయంలో ఇంతకంటే ఎక్కువ చేసినదేమీ లేదు. మార్పు ఒక్క ఒట్టుతో జరిగేది కాదనీ, మానాలన్న ఆలోచనే లేని దశ, మానాలా వద్దా అని ఊగిసలాడే దశ, సిద్ధపడే దశ, మానే దశ, మానినదాన్ని నిలుపుకునే దశ అంటూ అది మెట్లుమెట్లుగా జరుగుతుందనీ, మధ్యలో జారిపడడం సహజమనీ ప్రొచాస్కా, డిక్లెమెంటీ అనే అమెరికా శాస్త్రజ్ఞులు 1983లో ప్రకటించారు. వాదించి ఓడించడం వల్ల రోగి తన తాగుడునే సమర్థించుకుంటాడనీ, అతడి నోటనే మార్పు మాట వచ్చేటట్లు సంభాషించాలనీ విలియం మిల్లరు రాసినదీ ఆ ఏడాదే. ఊగిసలాడే మనిషిచేత ఒట్టు వేయించుకుంటే, ఒట్టు తప్పిన సిగ్గును మరచిపోవడానికి మళ్ళీ తాగుతాడు. ఈ రెండు రచనలూ వెలువడేనాటికి సావిత్రి లేరు.

అయితే ఆనాడు ఏమీ తెలియదనడం కూడా సరికాదు. మద్యం మానదలచినవారు ఒకరికొకరు తోడు నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం అమెరికాలో పుట్టినది 1935లో, అంటే ఇంచుమించు సావిత్రి పుట్టిన ఏడే. మానినవారికి తోడ్పడే డైసల్ఫిరామ్ గుణం కోపెన్‌హాగెన్‌లో బయటపడినది 1948లో. ఇక మద్రాసులోనే, భర్తను తాగుడుకు పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ గారు వ్యసనపరుల చికిత్సకోసం టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్‌ను 1980లో స్థాపించారు. అదే 1980 మే నెలలో, షూటింగు నిమిత్తం బెంగళూరు వెళ్ళిన సావిత్రి స్పృహ తప్పి పడిపోయారు. ఒకే నగరంలో, ఒకే ఏడు ఒక తలుపు తెరుచుకొంది, ఒకటి మూసుకుపోయింది.

ఇదంతా సినిమావారి గొడవ అనుకునేవారికి మన జిల్లాలోని కురిచేడును గుర్తు చేయాలి. మార్కాపురం నుంచి గుంటూరు వెళ్ళే రైలు ఆ ఊరి మీదుగానే పోతుంది. 2020 జూలై చివర, కోవిడ్ కట్టడి నిమిత్తం మద్యం దుకాణాలు మూసి ఉంచిన రోజులలో, అక్కడ పదిమందికి పైగా చేతులు శుభ్రపరచుకునే శానిటైజరు తాగి మరణించారు. వార్త చదివి వారి బుద్ధిహీనతను ఎత్తిపొడిచినవారిలో మేమూ ఉన్నాము. ఎద్దు, మోకు ఉపమానం అప్పటికి మాకు తట్టలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట తల్లులు సారాపై తిరగబడ్డారు, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. ఆ తల్లుల పోరాటం ముందు మేము శిరసు వంచుతాము. దుకాణం మూసిన మరునాడు వణికే చేతులను పట్టుకొనేవారు ఎవరన్న ప్రశ్న మాత్రం ఆ చర్చలన్నిటిలోనూ చిన్న అక్షరాలలోనే మిగిలిపోయింది. మా విద్యార్థినులలో ఏటా కొందరు ఇంటర్మీడియట్ ముగించి నర్సింగు చదువుకు వెళుతున్నారు. ఈ వ్యాసం రాస్తున్నప్పుడు మా మనస్సులో మెదిలినది వారే.

సావిత్రి కోమాలో పంతొమ్మిది నెలలు ఉన్నారు. 1981 డిసెంబరు 26న మద్రాసులో కన్నుమూశారు. నలభై ఆరేళ్ళ వయస్సు.

ఆ పంతొమ్మిది నెలల గురించి సినిమా పుస్తకాలు రెండు వాక్యాలకు మించి రాయవు. స్పృహలేని రోగిని ఒరుసుకుపోయిన పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్కకు ఒత్తిగించాలి. గొట్టం ద్వారా ఆహారం పోయాలి. నోరు తుడవాలి, కళ్ళు ఎండిపోకుండా చూడాలి, వినిపించినా వినిపించకపోయినా పేరు పెట్టి పిలుస్తూ మాట్లాడాలి. రెండు గంటలకొకసారి అన్న లెక్కన పంతొమ్మిది నెలలకు ఏడువేల సార్ల దాకా తేలుతుంది. తెరమీద నర్సుగా నటించిన ఆ మనిషిని అన్నిసార్లు ఒత్తిగించిన చేతులు ఎవరివో, వారి పేర్లు ఏమిటో మాకు ఏ పుస్తకంలోనూ కనిపించలేదు.